సీఫాక్స్ నిజంగా పనికొచ్చిందా?

మీరు అడిగినవి మూడు. 1936లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ నౌకాదళపు చిన్న నీటి విమానం ఫెయిరీ సీఫాక్స్‌కి గంటకు 200 కిలోమీటర్ల వేగం, 395 హార్స్‌పవర్ ఇంజన్ మాత్రమే ఎందుకు ఇచ్చారు, పైలట్ నెత్తిన కప్పు లేకుండా వెనక కూర్చునేవాడికి మాత్రం గాజు కప్పు ఎందుకు పెట్టారు అన్నది మొదటిది. యుద్ధంలో అది సాధించిందేమైనా ఉందా అన్నది రెండోది. ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా అన్నది మూడోది. మీరు చదివిన వ్యాసం దాన్ని "చేతగాని విమానం" అందని రాశారు. నేను నౌకాదళంలో ఓడల మీద ఉండే హెలికాప్టర్ల మరమ్మతు వైపు చాలా ఏళ్లు పనిచేశాను. ఓడ మీద బతికే విమానాన్ని వేగం, హార్స్‌పవర్ అంకెలతో కొలవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సీఫాక్స్ పని శత్రు విమానాలతో కొట్లాడటం కాదు. ఓడ కనుచూపు అవతల ఏముందో చూసి చెప్పడం, ఓడ ఫిరంగులు పేల్చేటప్పుడు గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి చెప్పడం, ఈ రెండే దాని పనులు. రెండింట్లోనూ చివరికి మిగిలేది చెప్పడమే. చూసింది సరిగ్గా చెప్పగలిగినప్పుడు ఈ విమానం ఎంతో పనికొచ్చింది. చెప్పిన మాట సరైన చెవికి చేరనప్పుడు ఎదురు నష్టమే చేసింది. 1939 డిసెంబరులో దక్షిణ అమెరికా తీరంలో జరిగిన ఒకే యుద్ధంలో ఈ రెండూ జరిగాయి. దాని దగ్గరికి వస్తాను, ముందు విమానం సంగతి.

1930ల్లో బ్రిటిష్ నౌకాదళానికి చిన్న క్రూయిజర్ల (దూరాలు తిరిగే మధ్య తరహా యుద్ధనౌకల) అవసరం చాలా ఉండేది. ప్రపంచమంతా పరుచుకున్న వ్యాపార మార్గాల్లో సరుకు ఓడలను కాపాడాలి. ఓడ స్తంభం మీద 30 మీటర్ల ఎత్తున నిలబడ్డవాడికి దిగంతం 20 కిలోమీటర్ల దూరంలోనే ముగిసిపోతుంది. వెయ్యి మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి అదే దిగంతం 110 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఒక్క చిన్న విమానం ఉంటే ఒక్క క్రూయిజర్ ఎన్నో ఓడల మేర వెతకగలదు. అప్పటిదాకా ఆ పని ఫెయిరీ 3ఎఫ్, హాకర్ ఆస్ప్రే లాంటివి చేసేవి. వాటి తర్వాతి తరంగా, తేలికపాటి క్రూయిజర్ల కాటపుల్ట్ (విమానాన్ని డెక్ మీదినుంచి గాలిలోకి విసిరే యంత్రం) మీదినుంచి ఎగరగల రెండు సీట్ల విమానం కావాలని 1932 నాటి ఎస్.11/32 అనే ప్రభుత్వ స్పెసిఫికేషన్ అడిగింది. దానికి ఫెయిరీ కంపెనీ ఇచ్చిన జవాబే సీఫాక్స్. హాంబుల్‌లో 1936 మే 27న మొదటి నమూనా ఎగిరింది. 1937 నుంచి నౌకాదళానికి అందడం మొదలైంది. రెండు నమూనాలూ, 64 ఉత్పత్తి విమానాలూ కలిపి మొత్తం 66. అంతకు మించి కట్టలేదు.

వాల్‌రస్ ఉండగా ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. వాల్‌రస్ గట్టి విమానం, నేల మీదా నీటి మీదా దిగగలదు, 700కు పైగా కట్టారు. కానీ నిండా బరువు వేస్తే మూడు టన్నులు దాటుతుంది. సీఫాక్స్ రెండున్నర టన్నుల లోపే, దాదాపు 2,460 కిలోలు. తేలికపాటి కాటపుల్ట్ ఉన్న చిన్న క్రూయిజర్‌కి ఆ తేడా చిన్నదేం కాదు. కాటపుల్ట్ కూ, క్రేన్‌కూ, విమానం కూర్చునే చోటుకూ కొలత ముందే ఉంటుంది. విమానం ఆ కొలతలో ఇమడాల్సిందే.

ఇంజన్ విషయంలో మీ ఫిర్యాదు న్యాయమైనదే. మొదట అనుకున్నది 500 హార్స్‌పవర్ బ్రిస్టల్ అక్విలా. చివరికి దక్కింది నేపియర్ రేపియర్. ఇదొక విచిత్రమైన ఇంజన్. పదహారు చిన్న సిలిండర్లు, నాలుగేసి చొప్పున నాలుగు వరసల్లో, రెండు క్రాంక్‌షాఫ్టులు. ముందునుంచి చూస్తే ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో ఉంటుంది. సన్నగా ఉంటుంది కాబట్టి గాలికి అడ్డు తక్కువ. చిన్న సిలిండర్లు వేగంగా తిరుగుతూ శక్తి ఇస్తాయి. ఇదే ఇంజన్ నాలుగు పెట్టుకుని షార్ట్ మెర్క్యురీ అనే నీటి విమానం 1938 జులైలో ఐర్లండ్ నుంచి కెనడా దాకా ఆగకుండా అట్లాంటిక్ దాటింది. కాబట్టి ఇంజన్ పనికిరానిదని కొట్టేయలేం. కానీ అది గాలితో చల్లబడే ఇంజన్. వెనకవైపు సిలిండర్లకు గాలి సరిగ్గా అందదు. ఆకాశంలో దూసుకుపోతున్నప్పుడు పర్లేదు. నీటి మీద ఫ్లోట్లతో, అంటే విమానం కింద ఉండే పడవల్లాంటి తేలే భాగాలతో, నెమ్మదిగా నడుపుతూ, అదీ గాలి వెనకనుంచి వీస్తుంటే, వేడి ఎక్కడికి పోతుంది? సీఫాక్స్ మీద వచ్చిన ప్రధాన ఫిర్యాదులు మూడు. శక్తి చాలదు, ఇంజన్ చల్లబడదు, నీటి మీద దిగేటప్పుడు వేగం కావాల్సినదానికన్నా ఎక్కువ. నడపడానికి మాత్రం బాగుంటుందని పైలట్లు అన్నారు.

ఇంత మామూలు విమానంతో సరిపెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. బ్రిటన్‌లో ఓడల మీది విమానాలన్నీ 1937 దాకా వాయుసేన కింద ఉండేవి. ఆ ఏడాది జులైలో ప్రభుత్వం వాటిని నౌకాదళానికి ఇవ్వాలని తేల్చింది. పూర్తిగా చేతికొచ్చేసరికి 1939 మే అయింది. బాంబర్లు, ఫైటర్ల వెనక పరిగెడుతున్న వాయుసేనకు క్రూయిజర్ మీది చిన్న నీటి విమానం మీద ఎంత మక్కువ ఉంటుందో మీరే ఊహించుకోండి. అదే కాలంలో జర్మన్లు తమ ఓడల కోసం ఆరడో 196 తయారుచేశారు. 960 హార్స్‌పవర్, గంటకు 310 కిలోమీటర్లు. అమెరికన్ల కర్టిస్ సీగల్ 600 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే సీఫాక్స్ వీటి ముందు నిలవదు.

కప్పు సంగతి. విమానం ఎగరడం కన్నా ఓడ మీదికి తిరిగి రావడమే కష్టం, కప్పు కథంతా అక్కడే ఉంది. ఓడ గాలికి అడ్డంగా వంపు తిరుగుతుంది. ఆ తిరిగిన చోట అలలు కాసేపు అణిగి, నున్నటి నీటి మడుగులాంటిది ఏర్పడుతుంది. అది చెదిరిపోయేలోపు విమానం అక్కడ దిగాలి. దిగాక మెల్లగా ఓడ పక్కకు వచ్చి, క్రేన్ కొక్కెం కిందికి చేరాలి. ఓడ ఒకవైపు ఊగుతుంటుంది, కొక్కెం ఇంకోవైపు ఊగుతుంటుంది, కింద విమానం అలల మీద లేస్తూ పడుతూ ఉంటుంది, ముందు ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ స్థితిలో ఒకరు లేచి, పైరెక్క దగ్గరికి చేరి, ఆ బరువైన ఇనప కొక్కేన్ని చేత్తో పట్టుకుని రింగులో వేయాలి. పడ్డ క్షణంలో క్రేన్ వాడు పైకి లాగాలి. ఆలస్యమైతే తాడు వదులై, తర్వాతి అలకు ఒక్కసారిగా బిగిసి విమానం జర్క్ తింటుంది. పైకి లేచాక ఓడ గోడకు కొట్టుకోకుండా డెక్ మీదివాళ్లు పొడుగు కర్రలతో తోస్తూ, తాళ్లతో లాగుతూ ఉంటారు. ఈ పని చేసే పైలట్‌కి గాజు కప్పు అడ్డమే. తల బయటపెట్టి పక్కలకూ కిందకూ చూడాలి, నిలబడాలి, అవసరమైతే పైకి ఎక్కాలి. అందుకే అతనికి కప్పు తీసేశారు. వెనక కూర్చునే అబ్జర్వర్ పని వేరు. అతని ముందు మ్యాపు, పెన్సిలు, లెక్కలు, వైర్‌లెస్ సెట్. గాలీ ఉప్పు నీరూ తగిలితే ఆ పని సాగదు. ఆ సెట్టు పాడైతే విమానం ఎగిరి ప్రయోజనమే లేదు. కాబట్టి కప్పు ఎవరికి ముఖ్యమో వాళ్లకే ఇచ్చారు. ఇందులో నాకు నిర్లక్ష్యం కనపడదు, బాగా ఆలోచించి చేసిన పని కనపడుతుంది.

గుండ్లు పడే చోటు చూడటం, అంటే స్పాటింగ్, ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఫిరంగి గుండు 15, 16 కిలోమీటర్లు వెళ్లి పడటానికి అర నిమిషం పైనే పడుతుంది. పడ్డచోట నీరు స్తంభంలా లేస్తుంది. అది శత్రు ఓడకు ఎడమ పక్కన పడిందా కుడి పక్కన పడిందా అన్నది ఓడ మీదివాళ్లకు సులువుగానే తెలుస్తుంది. ముందు పడిందా వెనక పడిందా, ఎంత దూరంలో పడింది అన్నదే తేలదు. క్రికెట్‌లో బౌలర్ ఎండ్ అంపైర్‌కి అవతలి క్రీజు దగ్గర రనౌట్ తెలియక స్క్వేర్ లెగ్ అంపైర్ వైపు చూసినట్టే ఇది. విమానం పైనుంచి చూస్తుంది కాబట్టి "ఎనిమిది వందల గజాలు తక్కువ" అని చెప్పగలదు. ఆ మాట విని ఫిరంగి ఎత్తు మారుస్తారు.

ఇక దక్షిణ అమెరికా తీరంలో జరిగిన ఆ రివర్ ప్లేట్ యుద్ధం. 1939 డిసెంబరు 13 తెల్లవారుజామున కమడోర్ హెన్రీ హార్వుడ్ దగ్గర మూడు క్రూయిజర్లు. ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులు ఒక్కోదానికి ఉన్న అజాక్స్, అకిలీస్, ఆరు ఎనిమిదంగుళాల ఫిరంగులున్న ఎక్సిటర్. ఎదురుగా వచ్చింది జర్మన్ పాకెట్ యుద్ధనౌక అడ్మిరల్ గ్రాఫ్ స్పే, ఆరు పదకొండంగుళాల ఫిరంగులతో. 6:14కి పొగ కనపడింది, ఇంకొన్ని నిమిషాలకే గ్రాఫ్ స్పే కాల్పులు మొదలెట్టింది.

ఆ ఉదయం రెండు వైపులా కలిపి విమానాల గతి చూడండి. ఎక్సిటర్ మీద రెండు వాల్‌రస్‌లు ఎగరబోతున్నాయి. ఇంతలో గుండు ముక్కలు తగిలి రెండూ చీలిపోయాయి. పెట్రోలు చిమ్ముతోంది. మంటలు అంటుకుంటే ఓడే పోతుందని వాటిని చేతులతో నెట్టి సముద్రంలో పడేశారు. అకిలీస్ దగ్గర విమానమే లేదు. గ్రాఫ్ స్పే మీది ఆరడో రెండు రోజుల ముందే ఇంజన్ చెడి కూర్చుంది. మిగిలింది అజాక్స్ మీది సీఫాక్స్ ఒక్కటే. మొత్తం రంగంలో అందరికన్నా తక్కువ హార్స్‌పవర్ ఉన్న విమానమే ఆ ఉదయం గాలిలోకి లేచింది.

లేవడం కూడా తేలిగ్గా జరగలేదు. అజాక్స్ కాటపుల్ట్ ఓడ నడుమ, పొగగొట్టానికి వెనక ఉంటుంది. దానికి వెనకగా ఎక్స్, వై అనే టరెట్లు, అంటే ఫిరంగులు బిగించిన తిరిగే గూళ్లు. అవి పేలుతుంటే ఆ గాలి దెబ్బ విమానానికి తగులుతుంది. రేకులు, గుడ్డ కప్పిన రెక్కలు ఉన్న విమానానికి అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. టరెట్లు పేలుతూనే ఉండగా 6:37కి లెఫ్టినెంట్ లూయిన్ పైలట్‌గా, లెఫ్టినెంట్ కెర్నీ అబ్జర్వర్‌గా సీఫాక్స్‌ను వదిలారు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాయుద్ధం మధ్య ఓడ ఫిరంగులకు పైనుంచి దారి చూపిన మొదటి బ్రిటిష్ విమానం ఇదే. లూయిన్‌కి తర్వాత డీఎస్‌సీ పతకం ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయం. విమానం పైకి వెళ్లింది, కెర్నీ చూస్తున్నాడు. కానీ దాదాపు పావుగంట దాకా అతని రిపోర్టు ఓడకు చేరలేదు. వైర్‌లెస్‌లో నిఘాకు ఒక తరంగం (ఫ్రీక్వెన్సీ), స్పాటింగ్‌కు మరో తరంగం. విమానం ఒకదాని మీద, ఓడ మరోదాని మీద ఉండిపోయాయి. గుండ్లు పడుతున్న వేళ పావుగంట అంటే ఎన్ని సాల్వోలో, అంటే ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలే ఎన్ని విడతలో, లెక్కేసుకోండి.

దానికి తోడు ఇంకోటి జరిగింది. మొదట అజాక్స్, అకిలీస్ ఒకే అధికారి లెక్క ప్రకారం కలిసి కాల్చాయి. 6:40 ప్రాంతంలో అకిలీస్ పక్కన గుండు పడి, ముక్కలు కంట్రోల్ టవర్‌లోకి దూసుకెళ్లి నలుగురు చనిపోయారు. కాసేపటికి దాని వైర్‌లెస్ కూడా పోయింది. అప్పటినుంచి రెండు ఓడలూ దేనికదే కాల్చుకుంటున్నాయి. సీఫాక్స్‌కి మాత్రం మాట కలుస్తున్నది అజాక్స్‌తో ఒక్కదానితోనే. అకిలీస్ గుండ్లు తక్కువ దూరంలో పడుతున్నాయి. కెర్నీ వాటిని చూసి "తక్కువ" అని చెప్పాడు. చెప్పింది నిజమే. అజాక్స్‌లో విన్నవాళ్లు అవి తమ గుండ్లే అనుకుని దూరం పెంచారు. అప్పటిదాకా బాగానే పడుతున్న అజాక్స్ గుండ్లు గ్రాఫ్ స్పే నెత్తి మీదుగా దాటిపోయి ఎక్కడో అవతల పడ్డాయి. పొగ, నీటి స్తంభాల మధ్య అవి కనపడనూ లేదు. ఇది తెలుసుకుని సరిదిద్దుకునేసరికి ఏడు గంటలు దాటింది. ఆ సమయంలో ఎక్సిటర్ ఒంటరిగా పదకొండంగుళాల దెబ్బలు తింటోంది.

ఈ ఘట్టాన్ని పట్టుకునే కొందరు సీఫాక్స్‌ని తప్పుపడతారు. నేను ఒప్పుకోను. విమానం సరైన చోట ఉంది, మనిషి సరిగ్గానే చూశాడు, చూసిందే చెప్పాడు. ఎవరి గుండు ఎవరిదో విడదీసి చెప్పే ఏర్పాటు ఓడల మధ్య కూలిపోయింది. ఆ విమానానికి వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్ బిగించినా ఈ తప్పు ఇలాగే జరిగేది. ఆ ఉదయం కబుర్లు తారుమారైంది అక్కడొక్కటే కాదు. 7:38 ప్రాంతంలో అజాక్స్‌లో గుండ్లు ఐదో వంతే మిగిలాయని హార్వుడ్‌కి కబురొచ్చింది. నిజానికి ఆ లెక్క 'A' అనే ఒక్క టరెట్‌ది. హార్వుడ్ దాన్ని ఓడ మొత్తానికి అన్వయించుకుని పోరు ఆపి దూరం జరిగాడు. గాలిలో ఉన్న విమానం మీద నింద వేసేవాళ్లు ఓడ లోపల జరిగిన ఈ పొరపాటును కూడా గుర్తుంచుకోవాలి.

లింకు కుదిరాక సీఫాక్స్ ఏం చేసిందో కూడా చూడాలి. 7:30 దాటాక, టార్పెడోలు వస్తున్నాయి, మీ ముందునుంచి దాటిపోతాయి అని పైనుంచి హెచ్చరించింది. హార్వుడ్ అయినా ఎందుకొచ్చిన రిస్కని ఓడ దిశ మార్చాడు. పోరు సద్దుమణిగాక ఎక్సిటర్ కనపడకపోతే, వెళ్లి చూసి రమ్మని పంపింది కూడా ఈ విమానాన్నే. ఎక్సిటర్ బాగా దెబ్బతింది, అయినా చేతనైనట్టు వస్తోంది అన్న కబురు అదే తెచ్చింది. 9:12కి దాన్ని మళ్లీ ఓడ మీదికి ఎక్కించారు. యుద్ధం మధ్యలో ఓడ ఆగి విమానాన్ని ఎత్తుకోలేదు కాబట్టి అంతసేపూ పైనే ఉండాల్సి వచ్చింది. రెండున్నర గంటలు. 170 కిలోమీటర్ల క్రూయిజ్ వేగంతో నెమ్మదిగా తిరుగుతూ దాదాపు నాలుగు గంటలు గాలిలో ఉండగలగడం ఇక్కడ అక్కరకొచ్చింది.

డిసెంబరు 17 మరీ ముఖ్యం. పోరు తర్వాత గ్రాఫ్ స్పే ఉరుగ్వేలోని మాంటెవీడియో రేవు చేరి అక్కడే ఉంది. కెప్టెన్ హాన్స్ లాంగ్స్‌డార్ఫ్‌కి బయట ఆర్క్ రాయల్, రినౌన్ లాంటి పెద్ద ఓడలు కాచుకుని ఉన్నాయని నమ్మకం కలిగింది. నిజానికి అవి ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. బయట ఉన్నవి అజాక్స్, అకిలీస్, కొత్తగా చేరిన కంబర్లాండ్ మాత్రమే. అతని ఆరడో ఎగరగలిగి ఉంటే ఒక్క చుట్టు వేసి నిజం తేల్చుకునేవాడని నేను గట్టిగా నమ్ముతాను. యుద్ధం మొదట్లో, సెప్టెంబరు 11న, ఇదే ఆరడో ఇదే కంబర్లాండ్‌ను దూరంనుంచే కనిపెట్టి గ్రాఫ్ స్పేని తప్పించింది. ఈసారి అది యుద్ధంలో కాలి, కాటపుల్ట్ మీద అస్థిపంజరంలా మిగిలింది. రేవులో తీసిన ఫొటోల్లో ఇప్పటికీ అది కనపడుతుంది. బ్రిటిష్ వైపు మాత్రం సాయంత్రం 5:40కి సీఫాక్స్ మళ్లీ లేచింది. గ్రాఫ్ స్పే రేవు దాటి బయటకు రావడాన్ని గమనిస్తూ ఉంది. రాత్రి 8:54కి, గ్రాఫ్ స్పే తనను తాను పేల్చేసుకుంది అని వైర్‌లెస్‌లో చెప్పింది. పోరుకు సిద్ధమై నిలబడ్డ ఓడలకు ఆ ఒక్క వాక్యంతో టెన్షన్ తీరింది. ఈసారి తరంగం సరిపోయింది, వినేవాడికి ఎవరి గురించో తెలుసు, మాట సరిగ్గా చేరింది.

ఇక్కడ మనవాళ్లకు తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఆ అకిలీస్‌నే 1948లో మన దేశం కొనుక్కుంది. ఆ ఏడాది జులై 5న ఢిల్లీ పేరుతో మన నౌకాదళంలో చేరి, పతాక నౌకగా నిలిచింది. 1961లో గోవా విముక్తిలో పాల్గొంది. 1978లో సేవ ముగించుకుంది.

మిగతా సీఫాక్స్‌ల కథ ఇంత ఘనంగా లేదు. అరెతూసా, ఎమరాల్డ్, నెప్ట్యూన్, ఓరియన్, పెనలపీ లాంటి క్రూయిజర్ల మీద ఉన్నాయి. ప్రయాణికుల ఓడలకు ఫిరంగులు బిగించి చేసిన ప్రిటోరియా క్యాసిల్, అస్టూరియాస్, అల్కంటారా లాంటి వాటి మీదా ఉన్నాయి. వీటి రోజువారీ పని ఖాళీ సముద్రం మీద గంటలకొద్దీ తిరగడం, ఏమీ లేదని చెప్పడం. ఆ "ఏమీ లేదు" అన్న కబురు మీదే వెనక వచ్చే సరుకు ఓడలు ధైర్యంగా నడుస్తాయి. అది పుస్తకాలకు ఎక్కదు. మధ్యధరా సముద్రంలో 1940 జులై 9న కలాబ్రియా దగ్గర జరిగిన పోరులో ఇటాలియన్ గుండు ముక్కలు తగిలి నెప్ట్యూన్ కాటపుల్ట్, దాని మీది విమానం మళ్లీ బాగుచేయడానికి వీల్లేకుండా పోయాయి. ఎక్సిటర్‌లో జరిగిందే మళ్లీ జరిగింది. ఈ జాతి విమానాల అసలు బలహీనత వేగం కాదు, ఇది. డెక్ మీద, చాలాసార్లు ఏ కప్పూ లేకుండా, ఉప్పు గాలిలో నానుతూ, కడుపునిండా పెట్రోలుతో కూర్చుని ఉంటాయి. మొదటి గుండు పడేలోపు వదలాలి, లేదా సముద్రంలో పారెయ్యాలి.

ఓడ మీది నీటి విమానం ఏం చేయగలదో మన దగ్గరి సముద్రం కూడా చూసింది. 1942 ఏప్రిల్ 5న జపాన్ క్రూయిజర్ టోనే మీదినుంచి లేచిన ఫ్లోట్‌ప్లేన్ సిలోన్‌కు దక్షిణంగా వెళ్తున్న బ్రిటిష్ క్రూయిజర్లు డార్సెట్‌షైర్, కార్న్‌వాల్‌లను కనిపెట్టింది. ఆ కబురు అందుకున్న విమానవాహక నౌకల నుంచి డైవ్ బాంబర్లు వచ్చి రెండింటినీ ముంచేశాయి. మర్నాడు ఏప్రిల్ 6న బంగాళాఖాతంలోకి వచ్చిన మరో జపాన్ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. "జపానోడి బాంబులు పడ్డప్పుడు" అని మన పెద్దవాళ్లు చెప్పుకునే రోజులు అవే. జపాన్ వాళ్లు ఈ పనికి ఎంత విలువిచ్చారంటే, టోనేలో పెద్ద ఫిరంగులన్నీ ముందుకు పెట్టి వెనక డెక్ అంతా నీటి విమానాలకే వదిలేశారు. అంత ఏర్పాటు ఉన్నవాళ్లకు కూడా రెండు నెలల తర్వాత పసిఫిక్‌లో మిడ్‌వే దీవి దగ్గర జరిగిన పోరులో ఇదే విమానాల రిపోర్టు ఆలస్యంగా, అస్పష్టంగా అందింది. పది ఓడలు కనపడుతున్నాయని మొదట చెప్పి, అందులో విమానవాహక నౌక ఉన్నట్టుందని దాదాపు గంట తర్వాత చెప్పారు. రివర్ ప్లేట్‌లో కెర్నీకి ఎదురైన కష్టమే ఇంకో రూపంలో వచ్చింది.

1943 నాటికి సీఫాక్స్ పని అయిపోయింది. రేడార్ వచ్చి దూరం, దిక్కు రెండూ చీకట్లోనూ పొగలోనూ చెప్పసాగింది. సరుకు ఓడల గుంపులతో పాటు చిన్న విమానవాహక నౌకలు నడవసాగాయి. శత్రు విమానాల బెడద పెరిగి, క్రూయిజర్ల మీద కాటపుల్ట్ ఉన్న చోటును విమానవిధ్వంసక తుపాకులకు ఇచ్చేశారు. చివర్లో కొన్ని సీఫాక్స్‌లు అబ్జర్వర్ల శిక్షణకు వాడుకలో ఉన్నాయి. ఆ తర్వాత కొద్దికాలానికే ఓడ మీదినుంచి లేచి, చూసి చెప్పే పనిని హెలికాప్టర్లు అందుకున్నాయి. మేం డెక్ మీద హెలికాప్టర్‌ని ప్రతిసారీ మంచినీళ్లతో కడిగేవాళ్లం, రోటరు తిరిగేలోపు ముందు రేడియో చెక్ చేసేవాళ్లం. ఉప్పు ఇంజన్‌ని తింటుంది, మాట కలవని మెషీన్ ఎగిరి లాభం లేదు. సీఫాక్స్ మెకానిక్‌లకూ ఈ రెండు బెంగలే ఉండి ఉంటాయి.

కాబట్టి ఆ వ్యాసంలో "చేతగాని విమానం" అన్న మాటతో నేను ఏకీభవించను. ఇంజన్ బలహీనమైనది, అది నిజం. మంచి ఇంజన్ పెట్టి ఉంటే ఎక్కువ బరువుతో లేచేది, నీటి మీద వేడెక్కేది కాదు, పైలట్లకు సుఖంగా ఉండేది. దాన్ని తయారుచేసింది ఏ పనికో ఆ పని అవసరమైన రోజున మాత్రం అది గాలిలో ఉంది. మెరుగైన ఆరడో లేదు. బలమైన వాల్‌రస్‌లు లేవు.

చూడటానికి ఎక్కడైనా ఉందా అంటే, పూర్తి సీఫాక్స్ ఒక్కటి కూడా మిగల్లేదు. దాని తోటివాళ్లను చూడొచ్చు. వాల్‌రస్ ఇంగ్లండ్‌లో యోవిల్టన్‌లోని ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ మ్యూజియంలో ఉంది. ఆరడో 196 ఒకటి బల్గేరియాలో ప్లొవ్‌డివ్ విమాన మ్యూజియంలో ఉంది. అకిలీస్ ఫిరంగి టరెట్ ఒకటి ఆక్లండ్‌లో డెవన్‌పోర్ట్ నౌకా స్థావరం దగ్గర పెట్టారు. న్యూజిలండ్‌లో మనవాళ్లు బాగానే ఉన్నారు, అటువైపు వెళ్తే చూడండి. మోడల్ కట్టే ఆలోచన ఉంటే మ్యాచ్‌బాక్స్ వాళ్లు 1/72 సైజులో సీఫాక్స్ కిట్ చేశారు, పాత కిట్లు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కట్టేటప్పుడు పైలట్ సీటు మీద కప్పు పెట్టకండి, వెనకదానికి మాత్రం తప్పకుండా పెట్టండి.